ఖాళీ స్లైడుతో తీసిన ఫోటో

పెళ్ళి ఫోటోల పనిలోకి దిగబోయే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. రాగానే కెమెరా గురించి అడుగుతారు, ఆ తర్వాత వెలుతురు గురించి అడుగుతారు. మనుషుల గురించి మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. నేను ఆత్మకూరులో పని నేర్చుకుని, ఉదయగిరిలో సొంతంగా స్టూడియో పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు తిరిగిన రోజుల్లో నా పనిలో కెమెరా వంతు పావలా అయితే, మనుషుల్ని సముదాయించే వంతు ముప్పావలా. ఆ ముప్పావలా పనిలో నేను గట్టివాణ్ణని పేరు తెచ్చుకున్నాను. "నరసింహులు వస్తే పెళ్ళిలో గొడవ ఉండదు" అనేవాళ్ళు. ఆ పేరు చూసుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎన్ని పెళ్ళిళ్ళు తీశాను, ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇక్కడ రాయను. అవి మీకు ఎందుకూ పనికిరావు.

మస్తాన్ సాయిబు గారి దగ్గర

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఆత్మకూరులో మస్తాన్ సాయిబు గారి స్టూడియోలో పనికి చేరాను. ఆయన మద్రాసులో ఈ విద్య నేర్చుకుని వచ్చిన మనిషి. నాతో మాట్లాడితే మిరపకాయ కొరికినట్టుండేది. గిరాకీ గడప తొక్కిందంటే అదే గొంతులో బెల్లం కరిగేది. మొదట్లో అది చూసి ఒకసారి కిసుక్కున నవ్వాను. ఆ రోజంతా నాచేత ఫోటోల మందు తొట్లు తోమించాడు.

అప్పటి కెమెరా గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తర్వాత చెప్పబోయేది మీకు అర్థం కాదు. టేకు పెట్టె, దానికి మడతలు మడతలుగా తోలు తిత్తి, కింద మూడు కాళ్ళ స్టాండు, వెనక కప్పుకునే నల్లగుడ్డ. గుడ్డలో తల దూర్చి చూస్తే వెనక గాజు మీద ఎదుటి బొమ్మ కనపడుతుంది. బొమ్మ సరిచూసుకున్నాక స్లైడు ఎక్కించాలి. స్లైడంటే పలచటి చెక్క అర. దానిలో వెలుతురు తగలకుండా గాజు ప్లేటు పెట్టి ఉంటుంది. స్లైడు ఎక్కించి, లెన్సు మీద మూత తీసి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి మళ్ళీ మూత పెట్టేస్తే ఫోటో పడ్డట్టు. ప్లేటు ఎక్కించామా లేదా అన్నది బయటి నుంచి చూసేవాళ్ళకు తెలియదు.

సాయిబు గారు నన్ను మొదట సంగంలో ఒక పెళ్ళికి తీసుకుపోయాడు. పందిట్లో నేను పెళ్ళికొడుకు చుట్టూ తిరుగుతుంటే చెవి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఏందిరా ఆ పిల్లోడి చుట్టూ తిరగతా ఉండావు? ఈ ఇంట్లో ఎవరు దగ్గితే అందరూ తిరిగి చూస్తారో కనుక్కో పో. నీకు ఆయనే పెళ్ళికొడుకు."

కనుక్కున్నాను. ఆ పెళ్ళిలో ఆ మనిషి పెళ్ళికూతురి మేనత్త. ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టాక పని నల్లేరు మీద బండిలా సాగింది.

ఖాళీ స్లైడు సంగతి కూడా ఆయనే నేర్పాడు. ఆ రోజుల్లో ప్లేట్లకు కరువు. మద్రాసు నుంచి పార్సెలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పెళ్ళికి పది పన్నెండు ప్లేట్లు పట్టుకుపోతే పందిట్లో ప్రతివాడూ "నన్నొకటి తియ్యి" అనేవాడే. కాదంటే తగాదా. కల్లు తాగి వచ్చిన వియ్యపు చుట్టం ఒకడు కెమెరా కాలు పట్టుకుని కూర్చుంటాడు, వదలడు. అలాంటివాళ్ళకు ప్లేటు లేని స్లైడు ఎక్కించి, మూత తీసి, మూడు లెక్కపెట్టి, "బ్రహ్మాండంగా పడినావు సామీ" అని పంపించేయడమే. తర్వాత అడిగితే ప్లేటు పగిలిందని చెప్పాలి. గాజు కాబట్టి నమ్ముతారు.

దీనికి సాయిబు గారు ఒక హద్దు పెట్టాడు. "రేప్పొద్దున లేచేసరికి మర్చిపోయేవాడికే ఖాళీ పెట్టు. గుర్తు పెట్టుకునేవాళ్ళకి పెట్టబాక." నేను మొదటి మాట విన్నాను, రెండో మాట చెవిన పెట్టలేదు.

శెట్టిగారు చూసిన బొమ్మ

ఉదయగిరిలో స్టూడియో పెట్టిన కొత్తలో, బజారులో పెద్ద కొట్టున్న ఒక శెట్టిగారి కూతురి పెళ్ళికి పిలుపు వచ్చింది. రాత్రి తాళి కట్టాక మర్నాడు పొద్దున ఎండలో, మిద్దె ముందు దుప్పటి కట్టి, ఇంటిల్లిపాదినీ మూడు వరసల్లో నిలబెట్టాను. శెట్టిగారు వరసలోంచి లేచి వచ్చాడు.

"పెళ్ళి మాది, చూసేది మాత్రం నువ్వొక్కడివేనా? నన్నూ చూడనీ."

వద్దంటే అనుమానపడే మనిషి. సరేనని గుడ్డ ఎత్తి పట్టుకున్నాను. ఆయన తల దూర్చి చూసి, పాము కనపడినట్టు వెనక్కి దూకాడు.

"ఏందయ్యా ఇది! పెళ్ళిపూట మా వాళ్ళందర్నీ తలకిందులుగా నిలబెట్టినావే!"

ఆ కెమెరాల్లో గాజు మీద బొమ్మ తలకిందులుగానే కనపడుతుంది. కాగితం మీదికి వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది. ఇది చెప్పేలోపే శెట్టమ్మ గారు అపశకునమని కంటతడి పెట్టుకుంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక దారి తట్టింది.

"శెట్టిగారూ, వాన పడినప్పుడు మీ వాకిట్లో గుంటలో నీళ్ళు నిలస్తాయి గదా. దాంట్లో మీ మిద్దె ఎట్ట కనపడతాది?"

"తలకిందులుగా."

"దానికని మిద్దె కూలిందా?"

ఆయన కాసేపు ఆలోచించి పొట్ట కదిలేట్టు నవ్వాడు. అంతటితో ఊరుకోలేదు. ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి గుడ్డలో తల పెట్టించి ఈ వింత చూపించాడు. అది ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చి అందరి కళ్ళ కిందా నల్లటి నీడలు పడ్డాయి. ఫోటో అధ్వానంగా వచ్చింది. అయినా శెట్టిగారు దాన్ని పటం కట్టించి కొట్లో తగిలించి, వచ్చిన ప్రతివాడికీ వాన గుంట కథ చెప్పేవాడు. ఆయన మూలంగా నాకు చాలా పెళ్ళిళ్ళు వచ్చాయి.

ఈ సంగతి నవ్వుకోవడానికి రాయలేదు. ఆ రోజు నేనొక తప్పు పాఠం నేర్చుకున్నాను. ఫోటో ఎలా వచ్చినా ఫరవాలేదు, మనిషి ఆ పూటకు సంతోషపడితే పని అయినట్టే అనుకున్నాను. ఇక అక్కడి నుంచి ఏ ఇంటికి పోతే ఆ ఇంటి మనిషినైపోయాను. రెడ్ల ఇళ్ళలో ప్రతిదానికీ ముందు అడిగేవాణ్ణి, ఎందుకంటే వాళ్ళకు అడిగించుకోవడం ఇష్టం. కొట్లవాళ్ళకు అడగకముందే అంతా వివరంగా చెప్పేవాణ్ణి. బడిపంతుళ్ళు నాకే ఫోటోగ్రఫీ నేర్పబోతే బుద్ధిగా తలూపేవాణ్ణి. అందరితోనూ మంచివాణ్ణే. నాకంటూ ఒక మాట ఉండాలని తోచలేదు.

పెరట్లో

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవిలో అనంతసాగరం పక్క పల్లెలో ఒక రెడ్డిగారి ఇంట్లో పెళ్ళి. పెళ్ళికూతురు కామాక్షి. ఆమెకు తండ్రి లేడు. తల్లి రమణమ్మ, కూతురు ఇద్దరూ తండ్రి అన్నగారి పంచన ఉన్నారు. ఆయన్ను ఊరంతా పెదరెడ్డి అనేది. ఆయన దగ్గితే పందిరంతా తిరిగి చూసేది, కాబట్టి నా పెళ్ళికొడుకు ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది.

పన్నెండు ప్లేట్లు తీసుకుపోయాను. ఏ ప్లేటులో ఎవరు ఉండాలో పెదరెడ్డి పొద్దున్నే నాకు ఒప్పజెప్పాడు. పదకొండో ప్లేటు ఆయనా వియ్యాలవారి పెద్దలూ. "పన్నెండోది చేతిలో పెట్టుకో. తాలూకా నించి ఎవరన్నా పెద్దమనిషి వస్తే తీద్దువు" అన్నాడు.

పదో ప్లేటు పెళ్ళికూతురు ఒక్కతే. నేను వెనక దుప్పటి ముడతలు సర్దుతుంటే ఆ అమ్మాయి కళ్ళనీళ్ళతో, తల తిప్పకుండానే మెల్లగా అంది.

"అన్నా, మా అమ్మతో ఒకటి తియ్యి."

"మీ అమ్మ యాడ ఉండాదమ్మా?"

"పెరట్లో. నేను పిలిస్తే రావడంలా. నువ్వు పిలిస్తే వస్తాది."

అప్పుడు తట్టింది, రెండు రోజులుగా ఆ ఇంట్లో తిరుగుతున్నా పెళ్ళికూతురి తల్లిని నేను చూడనేలేదని. పసుపు కుంకుమ పోయిన మనిషి శుభకార్యంలో ఎదురు రాకూడదన్నది ఆ రోజుల్లో ఎవరూ నోటితో చెప్పక్కర్లేని కట్టుబాటు. కన్నతల్లి అయినా అంతే. నా అలవాటు ప్రకారం పెదరెడ్డి దగ్గరికి పోయి అడిగాను.

"తాళి కట్టిన పందిట్లోకి ఆమె రాకూడదు," అన్నాడాయన. "పెళ్ళిఫోటోల్లో ఆమె మొహం కనపడితే మగపెళ్ళివాళ్ళు ఏమంటారు?"

"పిల్ల కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటా ఉండాదయ్యా."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "పెళ్ళికూతురు ఏడస్తా కూర్చున్నా బాగుండదు. నువ్వు తెలివైనోడివి గదరా నరసింహులూ. నాకు మాట రాకుండా ఏందో ఒకటి చెయ్యి."

ఆయన అన్నది అంతే. ఖాళీ స్లైడు పెట్టమని ఆయన చెప్పలేదు. అలాంటిదొకటి ఉందని కూడా ఆయనకు తెలియదు. ఆ ఆలోచన నాదే. పిల్ల ఏడుపు మానాలి, పెదరెడ్డికి మాట రాకూడదు. ఈ రెండూ తీరే ఉపాయం నా చేతిలో ఉందని ఎగిరి గంతేసినంత పని చేశాను.

కామాక్షిని వెంటబెట్టుకుని కెమెరా పెరట్లోకి మోసుకుపోయాను. రమణమ్మ గంగాళాలు తోముతోంది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నన్ను చూసి లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"నేనెందుకు నాయనా, పెళ్ళిఫోటోలో."

"అమ్మా, నువ్వు నిలబడితే నేను నిలబడతాను, లేకపోతే ఈ ఫోటోలు నాకేమొద్దు," అని కామాక్షి చెయ్యి పట్టుకుని లాగింది.

రమణమ్మ తొట్టిలో నీళ్ళతో మొహం కడుక్కుంది. తడి చేత్తో జుట్టు వెనక్కి దువ్వుకుంది. గడ్డివామి పక్కన కూతురి పక్కకు వచ్చి నిలబడింది కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కామాక్షి ఆమె చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. ఆమె తీసేసింది. కామాక్షి మళ్ళీ వేసుకుంది.

నేను ఖాళీ స్లైడు ఎక్కించాను. "కదలబాకండి. ఊపిరి బిగబట్టండి" అని చెప్పి మూత తీశాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి మూత పెట్టాను.

రమణమ్మ గట్టిగా ఊపిరి వదిలి, "నేను కళ్ళు ఆర్పినానా నాయనా?" అని అడిగింది.

"లేదమ్మా. చక్కగా పడినావు."

కామాక్షి ముఖం విప్పారింది. పెదరెడ్డి నా భుజం తట్టాడు. తాలూకా నుంచి పెద్దమనిషి ఎవరూ రాలేదు. పన్నెండో ప్లేటు అలాగే పెట్టెలో ఇంటికి తిరిగొచ్చింది. నిజంగా తీయాలనుకుంటే ఒక ప్లేటు నా దగ్గర ఉంది. దాన్ని విడిగా కడిగి, ఎవరికీ చూపించకుండా ఆ తల్లి చేతిలో పెట్టి ఉండొచ్చు. ఎప్పటికైనా పెదరెడ్డికి తెలిస్తే ఆ చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళిళ్ళు నాకు రావని భయపడ్డాను. ఇప్పుడు దాచుకుని లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు నాకు ఉన్నది తెలివి కాదు, పిరికితనం.

రమణమ్మ వచ్చింది

ఫోటోలు పెదరెడ్డికి బస్సులో పంపాను. నెల తర్వాత ఒక పొద్దున రమణమ్మ ఉదయగిరిలో నా స్టూడియోకు వచ్చింది. చుట్టాలింటికని చెప్పి వచ్చిందట. కొంగులో మూట కట్టి తెచ్చిన వేరుశెనక్కాయలు బల్ల మీద పోసింది.

"పిల్ల కొండాపురంలో అత్తగారింటికి పోయింది నాయనా. ఇల్లు బోసిగా ఉండాది. ఆ ఫోటో ఒకటి ఇస్తే నా పెట్టెలో పెట్టుకుంటాను. ఎవరికీ చూపించనులే."

నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. ప్లేటు పగిలిందన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు, తాగుబోతు చుట్టాల్లాగా అబద్ధమని దెబ్బలాడలేదు. ముఖం పాలిపోయింది.

"అన్నీ బాగా వచ్చి, అదొక్కటే పగిలిందా?"

"అవునమ్మా. గాజన్నాక పగలతా ఉంటాయి."

"నేను నిలబడకూడదని తెలిసీ నిలబడినాను నాయనా. నా మొహాన్ని గాజు కూడా మొయ్యలా. పోనీలే. పిల్లకి ఏమీ కాకుండా ఉంటే చాలు."

"అట్టాంటివి మనసులో పెట్టుకోబాకమ్మా. రా, ఇప్పుడే ఇక్కడే ఒకటి తీస్తాను" అన్నాను. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దు నాయనా, ఇంకొకటి పగలగొట్టేదెందుకు" అని మెట్లు దిగింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. పగల్లేదమ్మా, అసలు ప్లేటే పెట్టలేదు, తప్పు నాది అనాలి. అంతే. మెట్లు దిగి వెనక పోయి చెప్పినా సరిపోయేది. బస్సు కోసం ఆమె చాలాసేపు నిలబడే ఉంది, కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. ఆ మాట పెదరెడ్డి దాకా పోతుందేమో, నలుగురిలో నా పేరు పోతుందేమో అని లోపలే ఉండిపోయాను. తర్వాత ఎప్పుడో ఒకసారి అటు పోయినప్పుడు చెబుదాంలే అని సర్దిచెప్పుకున్నాను. అనంతసాగరం మీదుగా ఎన్ని సార్లు పోయానో నాకే లెక్క తెలియదు. ఒక్కసారి కూడా ఆ పల్లెలోకి తిరగలేదు.

ముక్కలన్నా ఇమ్మని

మూడేళ్ళకు కామాక్షి వచ్చింది. చంకలో ఆడబిడ్డ, ఏడాది దాటి ఉంటుంది. ముందు గుర్తుపట్టలేదు. "అన్నా" అనగానే గుర్తుపట్టాను.

"అమ్మ పోయిందన్నా, జ్వరం వచ్చి. ఆ ప్లేటు పగిలిందని అమ్మ చెప్పింది. ముక్కలన్నా దాచి ఉంటే ఇయ్యి. అమ్మ మొహం ఉన్న ముక్క ఒకటి చాలు."

పారేశానమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నేళ్ళుగా అలవాటైన మాట, తడుముకోవాల్సిన పని కూడా లేదు. ఎందుకో ఆ రోజు నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెదరెడ్డి నాతో అన్నది, నేను ఖాళీ స్లైడు ఎక్కించింది, పెట్టెలో ప్లేటు మిగిలింది, అన్నీ చెప్పాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"అయితే పగల్లేదా?"

"పగిలేదానికి ప్లేటే లేదమ్మా."

గడప పక్కన బల్ల మీద కూర్చుంది. బిడ్డ చేతులు చాపుతూ కెమెరా గుడ్డ లాగబోతోంది. ఆ చెయ్యి పట్టుకుని కామాక్షి నిదానంగా మాట్లాడింది.

"ఇది పుట్టినప్పుడు మూడు నెలలు పెదనాయన ఇంట్లోనే ఉన్నానన్నా. అమ్మ నాకు నీళ్ళు కాచింది, పథ్యం వండింది, దీని గుడ్డలు ఉతికింది. దీన్ని మాత్రం ఒక్కసారి కూడా ఎత్తుకోలా. ఒళ్ళో పెట్టబోతే లేచి పోయేది. నా మొహానికి గాజే ఆగలేదు, పసిబిడ్డ ఆగతాదా అనేది. ఇది ఏడస్తా ఉంటే గడప అవతల నిలబడి చిటికెలు వేసేది."

ఎవరితో ఏ మాట అనాలో తెలిసినవాణ్ణని నాకు పేరు. ఆ పూట క్షమించమని కూడా అడగలేకపోయాను.

ఆమె లేచి బిడ్డను భుజాన వేసుకుంది. గడప దాటబోయి వెనక్కి తిరిగింది.

"ఆ పొద్దు నేను కెమెరా వైపే చూస్తా ఉన్నాను. అమ్మ మొహం నాకు కనపళ్ళా. నువ్వు ఎదురుగా ఉండావు గదన్నా. మా అమ్మ నవ్విందా?"

"నవ్విందమ్మా," అన్నాను.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ పొద్దు నేను గుడ్డలో తల పెట్టి చూడనేలేదు, ఖాళీ స్లైడుకు చూడటమెందుకని. మూడు లెక్కపెట్టినంతసేపూ, పెదరెడ్డి వస్తున్నాడేమోనని పందిరి వైపు చూస్తున్నాను.